అంబాసిడర్ క్రాంక్ పుల్లీ: ఆరేళ్లు వాడాక సాకెట్‌కి మంచి మార్కులు, పుల్లర్‌కి సున్నా

ఇంజన్ ముందు భాగంలో క్రాంక్ షాఫ్ట్ చివర ఫ్యాన్ బెల్ట్‌ని తిప్పే చక్రమే క్రాంక్ పుల్లీ. దాని వెనక ఆయిల్ కారే సీల్ మార్చాలంటే ముందు దాన్ని విప్పాలి. ఆ పనికోసం ఆరేళ్ల కిందట సికింద్రాబాద్ రాణిగంజ్‌లో మూడు సామాన్లు కొన్నాను. ముప్పావు అంగుళం డ్రైవ్ బ్రేకర్ బార్ (బిగుసుకున్న నట్లు విప్పే పొడుగు పిడి), దానికి 1 5/16 అంగుళాల ఆరు మూలల సాకెట్, పుల్లీని పట్టి బయటికి లాగే మూడు కాళ్ల పుల్లర్. అన్నీ కలిపి నాలుగు వేలకి కాస్త పైన పడ్డాయి. బార్, సాకెట్ ఇప్పటికి తొమ్మిది ఇంజన్ల మీద పనిచేశాయి. పుల్లర్‌ని వాడింది ఒక్కసారే, ఆ ఒక్కసారికే నా పుల్లీ అంచు వంకర పోయింది.

బండి మా నాన్నగారిది, 1984 మార్క్ 4 పెట్రోల్. అందులోది 1489 సీసీ బీఎంసీ బీ సిరీస్ ఇంజన్. ఇంగ్లండ్‌లో ఎంజీఏ స్పోర్ట్స్ కారు 1955లో ఈ కొలత ఇంజన్‌తోనే వచ్చిందంటే మా వాళ్లెవరూ నమ్మరు. పుట్టుక అక్కడిది కాబట్టి నట్లు అంగుళాల్లో ఉంటాయి. క్రాంక్ చివర, హ్యాండిల్ వేసి తిప్పే చోట ఉండే పెద్ద నట్ నా వెర్నియర్ కొలతలో 33.3 మిల్లీమీటర్లు వచ్చింది. 33 సాకెట్ ఎక్కదు, 34 ఎక్కుతుంది గానీ లోపల ఆడుతుంది. అందుకే షెడ్డుల్లో సాకెట్ వెతుక్కుంటూ కూర్చోరు, చీజిల్ ఆనించి సుత్తితో నాలుగు తగిలిస్తారు. నట్ వస్తుంది, అబద్ధం కాదు. కాకపోతే మూడోసారికి దాని పలకలు నమిలేసిన చెరుకు పిప్పిలా తయారవుతాయి. నా బండిలో ఆరు పలకల్లో సరిగ్గా మిగిలినవి రెండే. పన్నెండు మూలల సాకెట్ పెట్టుంటే వాటి మీద కూడా జారిపోయేదే.

మొదటిసారి ఒక ఆదివారం మొత్తం పోయింది. రేడియేటర్ దించి, నట్ వదులవకుండా అంచు మడిచి ఉంచే లాక్ వాషర్ మడత విప్పి (ఇది మర్చిపోయి గంటసేపు నట్‌తో కుస్తీ పట్టినవాళ్లు నాకు తెలుసు, అందులో నేనూ ఒకణ్ని), టాప్ గేర్‌లో వేసి హ్యాండ్ బ్రేక్ లాగాను. బార్‌కి మూడడుగుల జీఐ పైపు తొడిగి నొక్కితే బండి ఊగుతోంది, నట్ కదలడం లేదు. చివరికి సెల్ఫ్ మోటారు విప్పి, ఆ కంతలోంచి ఫ్లైవీల్ పళ్ల మధ్య బావ చేత లావు స్క్రూడ్రైవర్ పెట్టించాను.

"బావా, గట్టిగా పట్టుకో."

"నేను పట్టుకుంటాలే, నువ్వు నా వేళ్లు తెగ్గొట్టకు."

ఎదురుగా నిలబడి ఎడమవైపు తిప్పాను. టక్కుమని పెద్ద చప్పుడు. సాకెట్ పగిలిందనుకుని గుండె ఝల్లుమంది. చూస్తే నట్ పావు చుట్టు తిరిగింది. కాయిల్ వైరు పీకి, బార్‌ని చాసిస్‌కి ఆనించి సెల్ఫ్ కొట్టి విప్పేవాళ్లూ ఉన్నారు. ఆ పద్ధతి పనిచేస్తుంది. బార్ జారితే మాత్రం ఎవరి మోకాలి మీద పడుతుందో చెప్పలేం, నేనైతే ఆ జోలికి పోను.

సాకెట్‌తో మొదట్లో ఒక చిక్కు వచ్చింది. నోటి దగ్గర లోపలివైపు ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఈ నట్ మందం తక్కువ, దాంతో ఉన్న పట్టులో కొంత ఆ ఏటవాలుకే పోతోంది. లేత్ షాపులో యాభై రూపాయలిచ్చి నోరు సమంగా అరగదీయించాను. ఆ తర్వాత ఒక్కసారి కూడా జారలేదు. ఆరేళ్లయినా లోపలి మూలలు పదునుగానే ఉన్నాయి. బార్ అంత బాగా లేదు. మెడ దగ్గర పిన్ను వదులైంది, క్రోమ్ పెచ్చులూడింది, సాకెట్‌ని పట్టుకునే చిన్న బాల్ రెండో ఏడే ఊడిపోయింది. టేపు చుట్టి నెట్టుకొస్తున్నాను.

ఇక పుల్లర్ సంగతి. నా పుల్లీ రేకుతో చేసింది. అంచుకి కాళ్లు తగిలించి స్క్రూ బిగిస్తే మధ్యభాగం కదల్లేదు, అంచు మాత్రం గిన్నె మూతిలా విచ్చుకుంది. దాన్నే మళ్లీ బిగించి బండి తిప్పాను, తప్పు నాదే. ఫ్యాన్ బెల్ట్ ఊగి ఊగి నాలుగు నెలల్లో పీచులు పీచులైంది. తర్వాత విజయవాడ ఆటోనగర్‌లో పాత పుల్లీ దొరికింది. అసలు దీనికి పుల్లర్ అక్కర్లేదు. షాఫ్ట్ మీద చిన్న అర్ధచంద్రపు కీ తప్ప పట్టేదేమీ లేదు. రెండు వైపులా టైర్ లీవర్లు పెట్టి, వెనక ఉండే టైమింగ్ కవర్ (సీల్ కూర్చునే ఇంజన్ ముందు మూత) కూడా రేకే కాబట్టి చెక్క ముక్కలు అడ్డం వేసి, కొంచెం ఇటు, కొంచెం అటు ఎత్తితే జారి వచ్చేస్తుంది. మొండికేస్తే ముందురోజు రాత్రి డీజిల్ పోసి ఉంచండి.

బిగించేటప్పుడు చేసిన పొరపాటు ఇంకోటి చెప్పాలి. కొత్త ఆయిల్ సీల్ వేసి, కవర్ బోల్టులన్నీ బిగించేశాక పుల్లీ తొడిగాను. నెల తిరక్కుండానే మళ్లీ కారింది, ఎందుకంటే సీల్ మధ్యకి లేదు. కవర్ బోల్టులు వదులుగా ఉండగానే పుల్లీని సీల్‌లోకి దూర్చాలి. అప్పుడు కవర్ దానంతటదే మధ్యకి సర్దుకుంటుంది, బోల్టులు ఆ తర్వాత బిగించాలి. సీల్ రాసుకునే చోట పుల్లీకి గాడి పడిందేమో వేలి గోరుతో చూసుకోవాలి. నట్ బిగించే బలం 70 అడుగు పౌండ్లు, అంటే సుమారు 95 న్యూటన్ మీటర్లు. లాక్ వాషర్ ప్రతిసారీ కొత్తదే వేస్తాను.

బార్‌కి అయిదుకి మూడున్నర. సాకెట్‌కి, ఆ యాభై రూపాయల పని చేయించుకుంటే, నాలుగున్నర. పుల్లర్‌ని పక్కింటాయన బోరు మోటారు బేరింగ్ తీయాలని పట్టుకెళ్లారు. రెండేళ్లయింది, నేను అడగలేదు.