మూడు జెర్సీల్లో ఫెర్నాండో టోరెస్: ఒక పాత జెర్సీల దుకాణంపై సమీక్ష

ఇంగ్లండ్‌లోని ఒక పాత జెర్సీల దుకాణం నుంచి ఆన్‌లైన్‌లో మూడు ఫుట్‌బాల్ జెర్సీలు తెప్పించుకున్నాను. మూడింటి వీపుమీదా ఉన్న పేరు ఒకటే, స్పెయిన్ ఫార్వర్డ్ ఫెర్నాండో టోరెస్‌ది. ఒకటి 2007-08 నాటి లివర్‌పూల్ ఎర్ర జెర్సీ, రెండోది 2011-12 నాటి చెల్సీ నీలి జెర్సీ, మూడోది 2014-15 నాటి అట్లెటికో మాడ్రిడ్ చారల జెర్సీ. మూడూ అసలైనవే, మూడూ ఎవరో కొంతకాలం తొడుక్కున్నవే. అయితే లివర్‌పూల్ జెర్సీకి నేను చెల్లించిన దానిలో దాదాపు సగానికే చెల్సీ జెర్సీ వచ్చింది. బట్ట నాణ్యతలో అంత తేడా ఏమీ లేదు. ఆ తేడా అంతా, టోరెస్ చెల్సీలో పెట్టిన డబ్బుకు తగ్గట్టు ఆడలేక విఫలమయ్యాడని అభిమానుల్లో స్థిరపడిపోయిన అభిప్రాయం వల్ల వచ్చింది. ఆ అభిప్రాయం న్యాయమైనది కాదని నేను గట్టిగా నమ్ముతాను కాబట్టి ఈ సమీక్షను కొంచెం వివరంగా రాస్తున్నాను.

ముందుగా లివర్‌పూల్ జెర్సీ సంగతి. ఆడిడాస్ తయారు చేసిన ఈ నమూనాను క్లబ్ 2006 నుంచి 2008 దాకా రెండు సీజన్లు వాడింది. టోరెస్ 2007 జులైలో చేరాడు కాబట్టి, అతని పేరున్నది రెండో సీజన్‌లో అచ్చు వేయించినదై ఉండాలి. కొనేవారు గమనించవలసిన గుర్తు ఇక్కడే ఉంది. ఇంగ్లండ్ అగ్రశ్రేణి పోటీ అయిన ప్రీమియర్ లీగ్‌లో జెర్సీలపై పేర్ల, అంకెల అచ్చు సరిగ్గా 2007-08లోనే మారింది. లీగ్ మ్యాచ్‌ల జెర్సీ అని చెబుతూ పాత అచ్చులో టోరెస్ పేరున్నదాన్ని అమ్మజూపితే, ఆ పేరు అప్పటిది కాదని అనుమానించాలి. నాకు వచ్చినదానిపై కొత్త అచ్చే ఉంది, 9 అంకె అడుగున లీగ్ గుర్తు చెక్కుచెదరకుండా ఉంది. రొమ్ముపై స్పాన్సర్ కార్ల్స్‌బర్గ్ పేరు కొద్దిగా వెలిసింది, అంతే. ఆ సీజన్‌లో అతను లీగ్‌లో 24 గోల్స్ చేశాడు. ఇంగ్లండ్‌లో తొలి సీజన్ ఆడే విదేశీ ఆటగాడికి అప్పటికి అదే రికార్డు. 2008లో వియన్నాలో జరిగిన యూరో (యూరప్ దేశాల చాంపియన్‌షిప్) ఫైనల్లో, స్పెయిన్ సహచరుడు చావీ అందించిన బంతి కోసం జర్మనీ డిఫెండర్ లామ్‌ను దాటి వెళ్లి, ముందుకొచ్చిన గోల్‌కీపర్ లేమాన్ మీదుగా బంతిని ఎత్తి వేశాడు. ఆ మ్యాచ్‌లో పడిన గోల్ అదొక్కటే. ఈ ఎర్ర జెర్సీకి ఇంత ధర ఎందుకో నాకు బాగా అర్థమవుతుంది, చెల్లించినందుకు విచారమూ లేదు.

చెల్సీ జెర్సీ విషయంలో దుకాణం వల్ల ఒక ఇబ్బంది కలిగింది. వివరాల్లో ‘చాలా మంచి స్థితి’ అని రాశారు, కానీ వచ్చినదానిలో 9 అంకె ఒక అంచు పైకి లేచి ఉంది, ఫొటోలో ఆ భాగం కనిపించలేదు. ఉత్తరం రాస్తే రెండు రోజుల్లో జవాబిచ్చి, ధరలో కొంత వెనక్కి ఇచ్చారు. వారి మర్యాదకు లోటు లేదు, అయినా వెనుక భాగాన్ని దగ్గరగా తీసిన ఫొటో పెట్టడం పాత జెర్సీలు అమ్మేవారి కనీస బాధ్యత.

ఇక ఈ జెర్సీ విలువ గురించి. 2010 జనవరిలో ఒకసారి, ఏప్రిల్‌లో మరోసారి టోరెస్ కుడి మోకాలికి శస్త్రచికిత్స జరిగింది. ఆ వేసవిలో ప్రపంచ కప్ గెలిచిన జట్టులో ఉన్నా ఒక్క గోల్ కూడా చేయలేకపోయాడు. అతని ఆటకు ప్రాణం తొలి అయిదారు అడుగుల్లో అందుకునే వేగం. మోకాలు దెబ్బతిన్నాక ఆ వేగం మునుపటిలా తిరిగి రాలేదు. అటువంటి ఆటగాడిపై 2011 జనవరి 31న చెల్సీ 5 కోట్ల పౌండ్లు పెట్టింది. బ్రిటన్‌లో అప్పటిదాకా ఏ ఆటగాడికీ అంత మొత్తం చెల్లించలేదు. తొలి గోల్ కోసం ఏప్రిల్ 23 దాకా ఎదురుచూడవలసి వచ్చింది. అక్కడితోనే చాలామంది లెక్క మూసేశారు. కానీ నా చేతిలో ఉన్న ఈ 2011-12 జెర్సీ కాలంలోనే చెల్సీ ఎఫ్‌ఏ కప్పునూ, తొలిసారిగా యూరప్ క్లబ్బుల అగ్ర పోటీ చాంపియన్స్ లీగ్‌నూ గెలిచింది. బార్సిలోనాతో సెమీఫైనల్ రెండో అంచెలో, పది మందితో మిగిలిన జట్టు ఊపిరి బిగబట్టి కాచుకుంటుండగా, 90 నిమిషాలు నిండాక కలిపిన ఆఖరి క్షణాల్లో సగం మైదానం ఒంటరిగా పరుగెత్తి గోల్‌కీపర్ వాల్దెస్‌ను తప్పించి గోల్ చేసినవాడు టోరెసే. మ్యూనిక్ ఫైనల్లో సహచరుడు ద్రోగ్బా స్కోరు సమం చేసిన కార్నర్ కిక్‌ను సంపాదించినవాడూ అతనే. మరుసటి సీజన్‌లో అన్ని పోటీల్లో కలిపి 22 గోల్స్ చేశాడు, బెన్ఫికాతో యూరప్ క్లబ్బుల రెండో పోటీ అయిన యూరోపా లీగ్ ఫైనల్లోనూ ఒకటి వేశాడు. పెట్టిన డబ్బుకు తగినన్ని గోల్స్ రాలేదన్నది నిజం, 172 మ్యాచ్‌ల్లో 45 అంటే తక్కువే. అయితే ఆ ధర అతను అడిగి పెట్టించుకున్నది కాదు, దాన్ని అతని ఆటకు కొలబద్దగా వాడటం సరికాదు. 2012 యూరోలో అత్యధిక గోల్స్‌కు ఇచ్చే గోల్డెన్ బూట్ అందుకున్నప్పుడు కూడా అతను చెల్సీ ఆటగాడే అన్న మాట ఎవరూ తలుచుకోరు.

అట్లెటికో చారల జెర్సీ మూడింటిలోకీ మంచి స్థితిలో వచ్చింది. పాతకాలపు పరుపుల గుడ్డను పోలిన ఈ ఎరుపు తెలుపు చారల వల్లే ఆ జట్టును స్పెయిన్‌లో పరుపులవాళ్లు అని పిలుస్తారు. దీనిపై ఉన్నది 9 కాదు, 19. 2015 జనవరిలో టోరెస్ తిరిగి వచ్చేసరికి 9 మరో ఫార్వర్డ్ మాంజూకిచ్ దగ్గర ఉంది, అందువల్ల ఈ అంకె కొద్ది నెలలకే పరిమితమైంది. జట్టు రెండో డివిజన్‌లో ఉన్న రోజుల్లో 17 ఏళ్లకే ఆడటం మొదలుపెట్టి, 19 ఏళ్లకే కెప్టెన్ అయిన కుర్రవాడు తిరిగి వస్తే, చూడటానికే అప్పటి సొంత మైదానం విసెంటె కాల్దెరోన్‌కు 45 వేల మంది వచ్చారు. ఆ నెలలోనే రియల్ మాడ్రిడ్ సొంత మైదానంలో రెండు అర్ధభాగాల్లోనూ తొలి నిమిషంలోనే గోల్ చేశాడు. 2018 మేలో ఐబార్‌పై రెండు గోల్స్‌తో సెలవు తీసుకుని, జపాన్‌లోని సాగన్ టోసుకు వెళ్లి, 2019 ఆగస్టులో ఆట ముగించాడు. టోసు జెర్సీ ఈ దుకాణంలో దొరకలేదు.

కొలతల విషయానికొస్తే, ఆడిడాస్ జెర్సీలు రెండూ నాకు కాస్త వదులుగా ఉన్నాయి, అట్లెటికోది ఒంటికి పట్టినట్టు ఉంది. చెప్పిన సైజును నమ్మకుండా, చంక నుంచి చంకకు కొలత అడిగి తెలుసుకోవడం మేలు. పార్సిల్ మీద కస్టమ్స్ సుంకం వేరుగా కట్టవలసి వచ్చింది, అది ముందే లెక్కలో వేసుకోవాలి. ఉతికేటప్పుడు లోపలి వైపు బయటికి తిప్పి చన్నీళ్లలో ఉతకాలి, ఇస్త్రీ పెట్టెను అంకెలకు తాకనివ్వకూడదు, మన ఎండల్లో నేరుగా ఆరవేస్తే అచ్చు పగులుతుంది. దుకాణానికి అయిదింట నాలుగు మార్కులు ఇస్తాను. ఒకటే కొనగలిగేవారికి నా సలహా, అంకె అంచులు ముందే అడిగి సరిచూసుకుని, ధర పెరగకముందే చెల్సీ జెర్సీని తీసుకోండి.