సిగ్నల్‌ను ఎక్సెప్షన్‌గా మార్చే పద్ధతి: ఆదోని కాటా గదిలో ఏడేళ్ల వాడకం

ఆదోని పత్తి మార్కెట్ యార్డుకు దగ్గరలో ఉన్న ఒక జిన్నింగ్ మిల్లు వేబ్రిడ్జి మీద 2018 నుంచి నేను రాసిన సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాం నడుస్తోంది. కాటా నుంచి సీరియల్ కేబుల్ ద్వారా వచ్చే బరువును చదివి, ఖాళీ బండి బరువు తీసివేసి, బోరేనికి సగటు ఎంతో లెక్కగట్టి తూకం చీటీ అచ్చువేయడం దాని పని. మొదటి సీజన్‌లోనే ఒక సాయంత్రం గుమాస్తా బోరేల సంఖ్య వేయవలసిన చోట పొరపాటున సున్నా వేశారు. సున్నాతో భాగహారం జరిగిన ఆ క్షణంలోనే ప్రాసెసర్ లోపాన్ని ఎత్తిచూపింది, లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) దానిని 8వ నంబరు సిగ్నల్ (ప్రోగ్రాంకు కెర్నల్ పంపే హెచ్చరిక), అంటే లెక్కలో లోపాన్ని తెలిపే సిగ్‌ఎఫ్‌పీఈగా మార్చి ప్రోగ్రాంను చంపేసింది. గేటు బయట ట్రాక్టర్లు నిలిచిపోయాయి. విత్తనం నుంచి కూలీల వరకు అప్పు చేసి పంట తెచ్చిన రైతు చీటీ కోసం చీకట్లో నిలబడవలసి రావడం నన్ను చాలా బాధపెట్టింది.

ఒక్క చీటీలో తప్పు దొర్లితే ఆ చీటీ ఒక్కటే ఆగాలి గాని కాటా మొత్తం ఆగకూడదనే ఉద్దేశంతో, సిగ్నల్ హ్యాండ్లర్ (సిగ్నల్ రాగానే నడిచే నా ఫంక్షన్) లోపలి నుంచి ఎక్సెప్షన్ (ప్రోగ్రాం తానే పట్టుకుని ముందుకు సాగగల లోపం) విసిరే పద్ధతిని ఎంచుకున్నాను. దీనికి జీసీసీ కంపైలర్‌లో నాన్-కాల్-ఎక్సెప్షన్స్ అనే ఆప్షన్ ఉంది. మామూలుగా కంపైలర్ ఎక్సెప్షన్ అనేది ఫంక్షన్ పిలుపుల దగ్గర మాత్రమే పుడుతుందని అనుకుంటుంది. ఈ ఆప్షన్ ఇస్తే భాగహారం, మెమరీ చదవడం వంటి ఒంటరి సూచనల (ప్రాసెసర్‌కు ఇచ్చే ఆదేశాల) దగ్గర కూడా పుట్టవచ్చని ఒప్పుకుని అందుకు తగిన పట్టికలు సిద్ధం చేస్తుంది. ఆప్షన్ లేకుండా కంపైల్ చేసిన భాగంలో లోపం పుడితే డిస్ట్రక్టర్లు (వస్తువు ముగిసేటప్పుడు శుభ్రం చేసే ఫంక్షన్లు) నడవకుండా పోవచ్చు, లేదా ప్రోగ్రాం నేరుగా టెర్మినేట్‌కు, అంటే ముగింపుకు పోవచ్చు. అందువల్ల నా కోడ్ మొత్తాన్ని ఒకే ఆప్షన్‌తో కంపైల్ చేస్తున్నాను. సిగ్‌అలారం (టైమర్ సిగ్నల్) వంటి ఎప్పుడు వస్తాయో తెలియని సిగ్నళ్లకు ఇది పనికిరాదు.

భాగహారం విషయంలో ఈ పద్ధతి నన్ను నిరాశపరచలేదు. కాకపోతే మొదటి వారంలో ఒక చిక్కు ఎదురైంది: రోజులో మొదటి తప్పును పట్టుకునేది, రెండో తప్పుకు ప్రోగ్రాం చచ్చిపోయేది. హ్యాండ్లర్ నడుస్తున్నంతసేపు కెర్నల్ అదే సిగ్నల్‌ను ఆపి ఉంచుతుంది; హ్యాండ్లర్ తిరిగి వెళ్లినప్పుడే ఆ ఆంక్ష తొలగుతుంది. ఎక్సెప్షన్ విసిరి బయటపడితే హ్యాండ్లర్ తిరిగి వెళ్లనట్టే. ఆపి ఉంచిన సిగ్నల్ మళ్లీ లోపం వల్లనే పుడితే కెర్నల్ హ్యాండ్లర్‌ను పిలవదు, ప్రాసెస్‌ను ముగించేస్తుంది. హ్యాండ్లర్‌ను నమోదు చేసేటప్పుడు ఆ ఆంక్ష పెట్టవద్దని చెప్పే ఎస్ఏ నోడిఫర్ గుర్తు జతచేసిన తరువాత ఆ బాధ తీరింది.

అసలు ప్రమాదం 11వ నంబరు సిగ్నల్‌తో, అంటే తాకకూడని మెమరీని తాకినప్పుడు వచ్చే సిగ్‌సెగ్‌వితో వచ్చింది. భాగహారంలో ఫలించింది కదా అని దానిని కూడా ఎక్సెప్షన్‌గా మార్చడం నా తీర్పులో జరిగిన పెద్ద పొరపాటు. సున్నాతో భాగించినప్పుడు చెడేది ఒక్క లెక్క. చెడిన పాయింటర్ (మెమరీ చిరునామా) వల్ల సిగ్నల్ వచ్చేసరికి మెమరీలో ఇంకేమేమి పాడైపోయాయో చెప్పలేము. ఒక రాత్రి లోపం మాలాక్ (మెమరీ కేటాయించే ఫంక్షన్) లోపలే పుట్టింది. ఎక్సెప్షన్ వస్తువుకు కావలసిన చోటును కూడా మాలాకే ఇవ్వాలి, ఒకేసారి ఇద్దరు వాడకుండా చూసే దాని తాళం అప్పటికే అదే థ్రెడ్ (ప్రోగ్రాంలోని ఒక పని వరుస) చేతిలో ఉంది, తన తాళం కోసం తానే ఎదురుచూడసాగింది. ప్రోగ్రాం చావలేదు, కదలలేదు. చనిపోయి ఉంటే సిస్టమ్‌డీ (లినక్స్‌లో ప్రోగ్రాంలను నడిపించి కాపలాకాసేది) దానిని వెంటనే తిరిగి లేపేది. బతికున్నట్టు కనిపించడం వల్ల ఎవరూ లేపలేదు. పైగా లోపాన్ని మింగేసినప్పుడు కోర్ డంప్ (చనిపోయే క్షణంలోని మెమరీ నకలు) మిగలదు గనుక, అంతకుముందు కొన్ని వారాలుగా అదే పాయింటర్ ఎన్నిసార్లు తప్పిందో తెలుసుకునే ఆధారం కూడా నాకు లేకుండా పోయింది.

జావా ప్రోగ్రాంలను నడిపే హాట్‌స్పాట్ ఈ పని ఎలా చేస్తుందో అప్పుడు శ్రద్ధగా చదివాను. శూన్య పాయింటర్ చదివినప్పుడు వచ్చే సిగ్‌సెగ్‌వినే అది నల్ పాయింటర్ ఎక్సెప్షన్‌గా మారుస్తుంది. అయితే లోపం పుట్టిన సూచన తాను తయారుచేసిన కోడ్‌లో, తాను ఎదురుచూసిన చోటనే ఉందా అని ముందుగా సరిచూస్తుంది. కాకపోతే నివేదిక ఫైలు రాసి ఆగిపోతుంది. ఎక్సెప్షన్‌ను హ్యాండ్లర్‌లోపలి నుంచి విసరదు. తిరిగి వెళ్లవలసిన చిరునామాను మార్చి, మామూలు దారిలో బయటికి వచ్చాక విసురుతుంది. గో భాష కూడా ఇదే దారిలో పానిక్ (ఆ భాషలో ఎక్సెప్షన్ వంటిది) పుట్టిస్తుంది. పైథాన్‌లో కంట్రోల్-సి నొక్కితే సిగ్నల్ వచ్చిందని గుర్తు మాత్రమే పెట్టుకుని, తరువాత కీబోర్డ్ ఇంటరప్ట్ అనే ఎక్సెప్షన్‌ను ప్రధాన థ్రెడ్‌లో లేపుతారు. సిగ్‌సెగ్‌వికి అక్కడ పైథాన్ హ్యాండ్లర్ పెడితే అదే సూచన దగ్గర అనంతంగా తిరుగుతుంది. పైథాన్ 3.3 వెర్షన్ నుంచి ఉన్న ఫాల్ట్‌హ్యాండ్లర్ మాడ్యూల్ అందుకే స్టాక్ (ఏ ఫంక్షన్ దేనిని పిలిచిందో తెలిపే) వివరాలు రాసి ఊరుకుంటుంది.

ఆ తరువాత నేను సిగ్‌సెగ్‌విని మార్చడం పూర్తిగా మానేశాను. సిగ్‌బస్ అనే మరో మెమరీ లోపం సిగ్నల్‌ను మాత్రం ఉంచాను, ఎందుకంటే రోజు రిజిస్టరు ఫైలును మెమరీకి అతికించి చదువుతాను, డిస్కు మొరాయించినప్పుడు ఆ చదువు మధ్యలో సిగ్‌బస్ వస్తుంది. ఏ చిరునామా పరిధిలో వచ్చిందో హ్యాండ్లర్‌కు తెలుస్తుంది గనుక, రిజిస్టరు పరిధిలోదైతేనే ఎక్సెప్షన్, లేకపోతే చావు.

2023లో కరెంటు ఆదా కోసం పాత పీసీ తీసేసి 64 బిట్ల ఆర్మ్ బోర్డు పెట్టాము. కొన్ని రోజుల తరువాత గుమాస్తా ఒక చీటీ పట్టుకొచ్చి, “సార్, సగటు సున్నా అని పడింది, రైతుకు ఏం చెప్పమంటారు?” అని అడిగారు. ఆ ప్రాసెసర్ పూర్ణాంకాన్ని సున్నాతో భాగిస్తే లోపం చూపదు, జవాబుగా సున్నా ఇస్తుంది. సిగ్నల్ లేదు, ఎక్సెప్షన్ లేదు. అయిదేళ్లు నమ్ముకున్నది భాషా నియమాన్ని కాదని, ఒక ప్రాసెసర్ అలవాటునని ఆ చీటీ చూశాక తెలిసింది. ఆ రాత్రే ప్రతి భాగహారానికి ముందు సున్నా పరీక్ష రాశాను. ఇప్పుడు నా ప్రోగ్రాంలో ఎక్సెప్షన్‌గా మారే సిగ్నల్ సిగ్‌బస్ ఒక్కటే.