అరకు ఘాటా, పాడేరు ఘాటా, లంబసింగా: బైక్ మీద ఒక్క రోజుకి ఏది మేలు?

మా గాజువాక ఫ్రెండ్ ఒకడు కొత్త బండి కొన్నాడు. కొన్న మూడో రోజే ఫోను. "మావా, నది ఉండాలి, లోయ ఉండాలి, కొండలుండాలి, రాత్రికి ఇంటికొచ్చి అన్నం తినాలి, ఎటెళ్దాం?" అని. వాడి మనసులో పాపికొండలున్నాయి. గోదారి కొండల్ని చీల్చుకుంటూ పోయే ఆ గండిని కాదనే మగాడు లేడు గానీ, వైజాగ్ నుంచి రాజమండ్రి చేరేసరికే 190 కిలోమీటర్ల వరకూ అవుతుంది, అదీ హైవే మీద లారీల పొగ మింగుకుంటూ, తీరా అక్కడికెళ్లాక గండిలోకి బండి పోదు, లాంచీ ఎక్కాల్సిందే. ఒక్క రోజులో అయ్యే పని కాదు. పక్కన పెట్టేశాం.

ఇక మనకు మిగిలేవి మూడు. ఎస్.కోట మీదుగా అనంతగిరి ఘాట్ ఎక్కి అరకు. చోడవరం, మాడుగుల మీదుగా పాడేరు ఘాట్. నర్సీపట్నం మీదుగా లంబసింగి. నేను ఈ మూడూ చాలాసార్లు తిరిగాను, ఎండల్లో, వానల్లో, ఒకసారి జ్వరంతో కూడా. నా ఓటు మొదటి రెండూ కలిపి కొట్టే చుట్టుకి: అనంతగిరి వైపు ఎక్కి, పాడేరు వైపు దిగడం. కానీ అది అందరికీ కుదరదు, ఎందుకో చెప్తాను.

ముందు అరకు రోడ్డు. పెందుర్తి, కొత్తవలస, ఎస్.కోట దాకా మామూలే, ఊళ్లు, స్పీడ్ బ్రేకర్లు, రోడ్డుకి అడ్డం పడే గేదెలు. ఎస్.కోటలో ట్యాంకు నింపేసుకోవాలి. బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యాక మాత్రం హెల్మెట్ అద్దం పైకెత్తకుండా ఉండలేం, గాలి వాసనే మారిపోతుంది. రోడ్డు వెడల్పు, మలుపులు పెద్దవి, కొత్తగా ఘాట్ ఎక్కేవాడు కూడా భయపడకుండా లాగించొచ్చు. అనంతగిరి దగ్గరకొచ్చేసరికి రెండు పక్కలా కాఫీ తోటలు, ఎత్తైన సిల్వర్ ఓక్ చెట్లు, వాటిని కావిలించుకుని పైకి పాకిన మిరియాల తీగ. అరకు కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిందని చెప్పుకుంటాం గానీ, ఆ గింజ ఇలా మిరియం తీగ పాకిన చెట్ల నీడలో పెరుగుతుందని చూసినవాళ్లు తక్కువ. బండి ఆపి ఇంజిన్ కట్టేస్తే ఎక్కడో కింద నుంచి రైలు కూత వినిపిస్తుంది. అది కొత్తవలస-కిరండూల్ లైను, ఈ కొండల్లోంచి సొరంగం తర్వాత సొరంగం, మొత్తం 58 దూరుకుంటూ పోతుంది.

మావాడు అడిగిన నది ఇక్కడే ఉంది, గోస్తని. ఈ అనంతగిరి కొండల్లోనే పుట్టి, బొర్రా గుహల దగ్గర లోయలోకి దిగి, తాటిపూడి రిజర్వాయర్ నింపి, భీమిలి దగ్గర సముద్రంలో కలుస్తుంది. తాటిపూడి నీళ్లు వైజాగ్‌కి కూడా వస్తాయి కాబట్టి, ఇన్నాళ్లూ కుళాయి తిప్పి ఈ నదిని బకెట్లో పడుతున్నాం, చూడ్డానికి మాత్రం ఎవరూ పోరు. బొర్రాకి వెళ్లినవాళ్లంతా లోపలున్న శివలింగానికి దండం పెట్టి, ఫోటో దిగి, బయటికొచ్చి బొంగులో చికెన్ తినేస్తారు. గుహలోకి దిగే ముందు ఒక్క నిమిషం లోయ వైపు తొంగి చూడండి. వానలు తగ్గిన అక్టోబరు, నవంబరుల్లో కింద బండరాళ్ల మధ్య నురగలు కక్కుతూ పోయే నీళ్లు కనిపిస్తాయి, లోపలికి దిగాక మన తల మీద గుహ కప్పు, ఆ కప్పు పైన రైలు పట్టాలు. మేసే ఆవు ఒకటి కొండ కన్నంలోంచి కింద పడిందనీ, వెతుక్కుంటూ వచ్చిన కాపరికి గుహ దొరికిందనీ, నదికి ఆ పేరు అందుకే వచ్చిందనీ అక్కడివాళ్లు చెప్తారు.

మరి అరకులో లోపం ఏంటంటే, మనమే. ఆదివారం పొద్దున్న పది దాటితే గాలికొండ వ్యూపాయింట్ దగ్గర లోయ కనపడదు, కార్ల డిక్కీలు కనపడతాయి. మలుపు మధ్యలో కారాపి సెల్ఫీ దిగేవాళ్లు, రోడ్డు వారనే బొంగుల పొగ, కుర్రాళ్ల డీజే. బైక్ మీద మలుపుకొకసారి గుండె ఆగుతుంది. వారం మధ్యలో సెలవు పెట్టగలిగితే ఇదే రోడ్డు స్వర్గం.

పాడేరు ఘాట్ దీనికి పూర్తిగా రివర్సు. సబ్బవరం, చోడవరం దాకా చెరుకు తోటలు, చలికాలంలో బెల్లం వండే వాసన, మాడుగుల దాటాక అడవి ఒక్కసారిగా మీద పడుతుంది. రోడ్డు ఇరుకు, మలుపులు ముడుచుకున్నవి, ఎదురుగా వచ్చేది ఆర్టీసీ బస్సో జీపో. మధ్యలో మోదకొండమ్మ అమ్మవారి పాదాల దగ్గర అందరూ ఆగుతారు, డ్రైవర్లు దండం పెట్టకుండా ముందుకు కదలరు. కార్ల రద్దీ అరకంత లేదు. నడపడం అనే పనిలో సుఖం తెలిసినవాడికి ఈ ఘాటే నచ్చుతుంది, నాకూ ఇదే ఇష్టం, కానీ ఒప్పుకోవాలి, ఇది తప్పు చేస్తే క్షమించదు.

ఒక డిసెంబర్లో వెనక మా బావమరిదిని ఎక్కించుకుని ఇదే ఘాట్ దిగుతున్నాను. పెట్రోలు కలిసొస్తుందని న్యూట్రల్‌లో వదిలేశా. ఎనిమిదో తొమ్మిదో మలుపు తిరిగామో లేదో కాలిన రబ్బరు లాంటి వాసన, అడవిలో ఏదో తగలబడుతోంది అనుకున్నాం. తర్వాత మలుపులో కుడికాలితో తొక్కితే పెడల్ కిందిదాకా పోయింది, బండి ఆగలేదు. ముందు బ్రేకు కొంచెం కొంచెంగా పడుతూ, చెప్పులు నేలకి రాస్తూ, ఎలాగో పిట్టగోడ పక్కకి చేర్చాను. వెనక చక్రం డ్రమ్ము దగ్గర చెయ్యి పెడితే సెగ. బావమరిది సీసా మూత తీసి నీళ్లు పొయ్యబోయాడు. ఎక్కుతున్న బస్సు స్లో అయింది, డ్రైవరు కిటికీలోంచి తల బయటపెట్టి కేకేశాడు: "వద్దు బాబూ, వేడి డ్రమ్ము మీద చన్నీళ్లు పొయ్యకు, పగిలిపోద్ది. న్యూట్రల్లో దింపేవా ఏటి? రెండో గేర్లో ఎయ్యి, బండే నిన్ను ఆపుతాది." అరగంట కూర్చున్నాం. చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడింది. మిగతా ఘాట్ అంతా రెండో గేర్లో, బ్రేకు దాదాపు ముట్టుకోకుండా దిగాం, ఇంజినే పట్టి లాగుతూ దింపింది. అప్పటి నుంచీ నాది ఒకటే లెక్క, ఎక్కేటప్పుడు ఏ గేరు పడుతుందో దిగేటప్పుడూ అదే.

అందుకే గేర్లు లేని స్కూటీ మీద పాడేరు ఘాట్ దిగొద్దనే చెప్తాను. వాటిలో ఇంజిన్ అంతగా పట్టి ఆపదు, భారం మొత్తం బ్రేకుల మీదే పడుతుంది. స్కూటీ ఉన్నవాళ్లు అరకు వైపే వెళ్లి, అటే రండి, దిగేటప్పుడు నాలుగు చోట్ల ఆగండి.

లంబసింగి గురించి ఎక్కువ చెప్పను. శీతాకాలం వస్తే పేపర్లలో ఒకటే హడావిడి, చలి, మంచు, ఆంధ్రా కాశ్మీర్ అని. వెయ్యి మీటర్ల ఎత్తున్న ఊరు, చలి నిజమే, కొర్రబయలు అని ఇంకో పేరు కూడా ఉంది, ఆరుబయట ఉంటే కర్రలా బిగుసుకుపోతాం అని. కానీ ఆ మంచు చూడాలంటే తెల్లారేసరికి అక్కడుండాలి, అంటే రాత్రి రెండింటికి బయల్దేరి తాళ్లపాలెం దాకా హైవే మీద లారీల మధ్య, ఆ తర్వాత నిద్రకళ్లతో ఘాట్. అంత అవసరమా? డిసెంబరు, జనవరి తప్పిస్తే అక్కడ ఆగి చూడ్డానికి పెద్దగా ఉండదు. చరిత్ర మీద మనసుంటే మాత్రం వేరే సంగతి: కృష్ణదేవిపేటలో అల్లూరి సమాధి చూసి, 1922 ఆగస్టు 22న ఆయన దళం ముట్టడించిన చింతపల్లి పోలీసు స్టేషన్ దాకా వెళ్లి రావచ్చు. అప్పుడు పగటిపూట, ఏ తొందరా లేకుండా వెళ్లండి.

ఇప్పుడు నా చుట్టు. మొత్తం దాదాపు 270 కిలోమీటర్లు. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరితే ఎనిమిదిలోపు గాలికొండ దగ్గరుంటారు, కార్లు ఇంకా ఎస్.కోటలో ఇడ్లీలు తింటుంటాయి. తొమ్మిదికి అరకులో టిఫిను. అక్కడి నుంచి పాడేరు 45 కిలోమీటర్లు. నవంబరు, డిసెంబర్లలో వలిసె పూలు ఉంటే చేలన్నీ పసుపు పరిచినట్టుంటాయి, ఈ ముక్కకి మాత్రం టైమ్ పెట్టకండి, ఎక్కడ కావాలంటే అక్కడ ఆగండి. దారిలో చోడి (రాగి) అంబలి దొరికితే తాగండి, ఎండలో కడుపుకి చల్లగా ఉంటుంది. పాడేరు దగ్గర వంజంగి కొండ మీంచి మేఘాలు చూడ్డానికి తెల్లారగట్ల వచ్చే జనం అంతా మీరు పాడేరు చేరేసరికి ఖాళీ అయిపోతారు. మధ్యాహ్నం మూడింటికల్లా ఘాట్ దిగడం మొదలెట్టాలి. డిసెంబర్లో మన దగ్గర ఐదున్నరకే పొద్దు కుంకుతుంది, కొండ నీడలో ఇంకా ముందే చీకటి.

దీనికి కట్టే మూల్యం బొర్రా. గుహ పదింటికి గానీ తెరవరు, దానికోసం ఆగితే చుట్టు పూర్తికాదు. భార్యనో అమ్మానాన్ననో వెనక కూర్చోబెట్టుకుని వెళ్తుంటే ఈ చుట్టు వద్దు, ఎనిమిది గంటలు సీటు మీద కూర్చున్నవాళ్లు మళ్లీ మీతో బండెక్కరు. వాళ్లతో అయితే అరకు ఒక్కటే పెట్టుకుని, బొర్రా, గోస్తని తాపీగా చూసి, మధ్యాహ్నానికి వెనక్కి తిరగండి. వానాకాలంలో మాత్రం రెండు ఘాట్లలోనూ బురద, రాళ్లు రోడ్డు మీదికి జారుతుంటాయి, జులై, ఆగస్టుల్లో నేనైతే భీమిలి బీచ్ రోడ్డుతో సరిపెట్టుకుంటా.

మావాడు చివరికి చుట్టే కొట్టాడు. సాయంత్రం ఐదింటికి మాడుగుల నుంచి ఫోను: "మావా, హల్వా కిలో చాలా, రెండు కిలోలు కట్టించనా?"