"డీప్ పౌడర్ స్కీ సెట్" కొంటున్నారా? మధ్య అంకె చూడకుండా డబ్బు పంపొద్దు

ఈ చలికాలం మంచులో స్కీ చేయడానికి కశ్మీర్‌లోని గుల్మార్గ్ వెళ్దామని ఆన్‌లైన్‌లో సెకండ్ హ్యాండ్ స్కీలు వెతుకుతున్న మన కర్నూలు, నంద్యాల, అనంతపురం, కడప వాళ్ల కోసం ఇది రాస్తున్నాను. "డీప్ పౌడర్ సెట్, స్కీలు, బైండింగులు, బూట్లు, బీకన్ అన్నీ కలిపి" అని ఒక ప్రకటన తిరుగుతోంది. బైండింగు అంటే బూటుని స్కీకి పట్టి ఉంచేది, బీకన్ అంటే మంచు కింద పూడినవాళ్లను వెతికే పరికరం. అవే ఫొటోలు వేరువేరు పేర్ల మీద కనిపిస్తున్నాయి. మా తమ్ముడి కోసం నేను ఆ సెట్ తెప్పించాను. 38,000 రూపాయలు కట్టాను. వచ్చినవి పౌడర్ స్కీలు, అంటే కొత్తగా పడ్డ లోతు మంచుకి చేసిన వెడల్పాటి స్కీలు కావు. మెషీన్‌తో చదును చేసిన గట్టి మంచు మీద గబగబా మలుపులు తిప్పడానికి చేసిన సన్న స్కీలు. వాటితో మావాడు గుల్మార్గ్‌లోని అఫర్వత్ కొండ మీద తొడలోతు మంచులోకి దిగి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతుంది.

మన వైపు ఈ మోసం ఇంత సులువుగా సాగడానికి కారణం ఉంది. కర్నూలులో స్కీ షాపు లేదు. పట్టుకుని చూసి "ఇది అది కాదన్నా" అని చెప్పే మెకానిక్కు లేడు. మంచు చూడాలంటే రెండు వేల కిలోమీటర్లకు పైనే పోవాలి. సామాను మంచు మీద పెట్టేదాకా తేడా బయటపడదు, అప్పటికి వాపసు గడువు దాటిపోతుంది. అమ్మేవాడికి ఈ లెక్క బాగా తెలుసు.

కొనేముందు నేను అన్నీ చాట్‌లో రాతపూర్వకంగానే అడిగాను. స్కీ నడుము, అంటే మధ్యభాగం, వెడల్పు ఎన్ని మిల్లీమీటర్లు అంటే "112" అని వచ్చింది. ముందు వైపు రాకర్, అంటే ముక్కు ముందు నుంచే పైకి లేచే వంపు, ఉందా అంటే "ఉంది" అన్నాడు. బైండింగులు ఎన్నిసార్లు బిగించారని అడిగితే వాయిస్ మెసేజ్ పెట్టాడు: "కొత్తప్పుడు ఒక్కసారే అన్నా. మీరు టెన్షన్ పడొద్దు, ఎంత లోతు మంచులోనైనా తేలిపోతాయి." ఫొటోల్లో స్కీ తోక దగ్గర కొండ బొమ్మ ఉన్న స్టిక్కర్ ఒకటి ఉంది. చూస్తే అందం కోసం అంటించినట్టే ఉంటుంది. పార్సిల్ వచ్చాక దాన్ని గోటితో లేపితే కింద అచ్చు వేసిన అంకెలు బయటపడ్డాయి: 121-68-103. పక్కనే 165, R13. ఇంకా అనుమానం మిగలకూడదని మా వీధి చివర లేత్ వర్క్‌షాప్‌లో వెర్నియర్ పెట్టి కొలిపించాను. సరిగ్గా 68 మిల్లీమీటర్లు. ఆ ఫొటో కూడా తీసి పెట్టుకున్నాను.

తెలియనివాళ్ల కోసం ఆ అంకెల సంగతి చెబుతాను, ఎందుకంటే మిమ్మల్ని కాపాడేది అదొక్కటే. దాదాపు ప్రతి స్కీ మీదా మూడు అంకెలు వరుసగా ఉంటాయి. మొదటిది ముక్కు దగ్గర వెడల్పు, రెండోది మధ్యలో, అంటే బూటు కింద, మూడోది తోక దగ్గర. అన్నీ మిల్లీమీటర్లే. ఆ మధ్య అంకెనే నడుము, వెయిస్ట్ అంటారు. సుమారుగా చెప్పాలంటే 65 నుంచి 80 దాకా ఉన్నవి చదును చేసిన బాట కోసం. 85 నుంచి 100 వరకు ఉన్నవి అన్నిటికీ కాస్త కాస్త పనికొచ్చేవి. కొత్తగా పడి ఎవరూ తొక్కని లోతు మంచుకి 105 పైన కావాలి. బాగా లోతుంటే 115, 120 వాడేవాళ్లూ ఉన్నారు. R పక్కన ఉండేది మలుపు వ్యాసార్ధం, మీటర్లలో. 13 అంటే చిన్న చిన్న మలుపులకు తయారైందని అర్థం. పౌడర్ స్కీలకు సాధారణంగా ఇంతకంటే ఎక్కువే ఉంటుంది.

చెప్పిన 112కీ వచ్చిన 68కీ మధ్య ఒక్క 44 మిల్లీమీటర్ల తేడాకి ఇంత గొడవా అనిపించొచ్చు. పొడి మంచులో స్కీ మీద నిలబడటం అంటే మనిషి బరువుని ఎంత ఎక్కువ చోటు మీద పరిస్తే అంత తక్కువ దిగబడటం. వానకు నానిన నల్లరేగడిలో సైకిల్ టైరు కోసుకుంటూ లోపలికి పోయినట్టే సన్న స్కీ ముక్కు మంచులో కిందికి పోతుంది. ముక్కు దిగిందంటే స్కీ ఆగుతుంది, మనిషి ఆగడు, ముందుకు పడతాడు. మా తమ్ముడి బరువు 78 కిలోలు, ఎత్తు 176 సెంటీమీటర్లు. అతనికి పౌడర్ స్కీ కనీసం అతని ఎత్తు ఉండాలి, ఇంకాస్త పొడవైనా మంచిదే. వచ్చినదాని పొడవు 165 సెంటీమీటర్లే. అటు సన్నం, ఇటు పొట్టి.

వాపసు అడిగితే అమ్మినాయన చెప్పిన జవాబు కూడా ఇక్కడ పెడుతున్నాను, మీకూ అదే చెబుతాడు కాబట్టి. "పాతకాలంలో అందరూ సన్న స్కీలతోనే లోతు మంచులో దిగారు కదన్నా, టెక్నిక్ ఉంటే చాలు." దిగిన మాట నిజమే. కానీ వాళ్లు ఏళ్ల తరబడి ఆ మంచులోనే పెరిగిన నిపుణులు. 1980ల చివర్లో అటామిక్ కంపెనీ పౌడర్ ప్లస్ అనే వెడల్పాటి స్కీ తెచ్చాకే మామూలు మనిషికి లోతు మంచు అందుబాటులోకి రావడం మొదలైంది. తర్వాత షేన్ మెకాంకీ అనే స్కీయర్, నీళ్ల మీద తేలే వాటర్ స్కీని చూసి, మధ్యలో కిందికి వంగి రెండు చివరలూ పైకి లేచే ఆకారం మంచుకి కావాలని పట్టుబట్టాడు. 2000ల మొదట్లో వోలాంట్ కంపెనీ స్పాట్యులా పేరుతో అలాంటి స్కీ అమ్మింది. ఇవాళ రాకర్ అని మనం అంటున్నది అక్కడి నుంచి పెరిగిందే. ఇన్నేళ్ల పని వెనక ఉన్న అవసరాన్ని ఒక్క మాటతో కొట్టిపారేసి, మొదటిసారి కొనేవాడికి రేసు స్కీ అంటగట్టడం నాకు చాలా అన్యాయంగా అనిపిస్తుంది.

రాకర్ ఉందో లేదో ఇంట్లోనే తేలిపోతుంది. రెండు స్కీల అడుగులు ఒకదానికొకటి ఆనించి నిలబెట్టి పక్క నుంచి చూడండి. మధ్యలో సందు ఉండి, ముక్కు దగ్గర దాదాపు చివరిదాకా అంటుకుని ఉంటే అది బాట స్కీ. పౌడర్ స్కీలైతే ముక్కులు చాలా ముందే విడిపోయి దూరంగా లేస్తాయి. అమ్మేవాణ్ణి ఇలాగే పక్క నుంచి ఫొటో తీసి పంపమనండి. ఆ ఫొటోలో అబద్ధం చెప్పడం కష్టం.

ఇంకో గుర్తు బైండింగు బ్రేకులు. స్కీ కాలి నుంచి ఊడిపోయినప్పుడు రెండు పక్కలా కిందికి దిగే ఇనప కాళ్లు అవి. స్కీ నడుము కంటే అవి కొంచెం మాత్రమే వెడల్పుగా ఉంటాయి. కాబట్టి నడుము అంకె దాచినా, బ్రేకు మీద స్కేలు పెట్టి ఫొటో అడిగితే అసలు వెడల్పు తెలిసిపోతుంది.

బైండింగులు విప్పించి చూస్తే ఇంకో ఘోరం. పాత స్క్రూ రంధ్రాలు రెండు వరుసలు, జిగురు పోసి పూడ్చినవి. అంటే మా కంటే ముందే రెండుసార్లు వేరేచోట బిగించి తీశారు. రంధ్రాలు దగ్గర దగ్గరగా పడితే లోపలి చెక్క పట్టు తగ్గుతుంది, పడ్డప్పుడు స్క్రూలతో సహా బైండింగు పెకిలిపోవచ్చు. బైండింగు ఎంత బలానికి వదలాలి అన్న అంకె కూడా అందాజాగా పెట్టేది కాదు. బరువు, ఎత్తు, వయసు, బూటు అడుగు పొడవు, స్కీ చేసే తీరు, ఇవన్నీ చూసి నిర్ణయిస్తారు. అందుకు ఐఎస్ఓ 11088 అనే ప్రమాణం ఉంది. తక్కువ పెడితే మధ్యలో ఊడిపోతుంది, ఎక్కువ పెడితే మోకాలు పోతుంది. మాకు వచ్చినవి గరిష్ఠం దగ్గర బిగించి ఉన్నాయి.

బూట్ల సంగతి త్వరగా చెప్పేస్తాను. "సైజ్ 9" అనే మాటకి స్కీ బూటులో అర్థం లేదు. పాదం పొడవు సెంటీమీటర్లలో ఉండే మోండో కొలత అడగండి. అడుగుభాగం మీద ఐఎస్ఓ 5355 అని ఉందా, 9523 అని ఉందా చూడండి. మొదటిది మామూలు బూటు, రెండోది కొండ ఎక్కడానికి వాడే టూరింగ్ బూటు. టూరింగ్ బూటుని మామూలు బైండింగులో పెడితే సరిగా వదలకపోవచ్చు. మాకు పంపిన జత సరిగ్గా అలాంటిదే.

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది బీకన్. హిమపాతం కింద మనిషి పూడిపోతే ఎక్కడున్నాడో పట్టుకునే రేడియో పరికరం అది, 457 కిలోహెర్ట్జ్ మీద పనిచేస్తుంది. ఇప్పుడు వచ్చేవాటికి మూడు యాంటెన్నాలు ఉంటాయి. మాకు వచ్చింది బాగా పాతది, బ్యాటరీ గదిలో పచ్చటి తుప్పు, ఆన్ చేస్తే ఒకసారి వెలిగి ఆరిపోతుంది. మంచు కింద పూడినవాళ్లు బతికే అవకాశం మొదటి 10, 15 నిమిషాలు దాటితే వేగంగా పడిపోతుంది. గుల్మార్గ్ గండోలా, అంటే తీగల మీద నడిచే కేబుల్ కారు, రెండో దశ దాదాపు 4,000 మీటర్ల ఎత్తుకి తీసుకెళ్లి వదులుతుంది. అక్కడి వాలుల్లో చాలా భాగం సహజంగా ఉన్నవే, ఎవరూ చదును చేయరు. 2023 ఫిబ్రవరిలో అక్కడ హిమపాతంలో ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరిలో ఒక రష్యన్ స్కీయర్ చనిపోయారు. అలాంటి చోటికి పనిచేయని బీకన్‌ని "ఫ్రీగా ఇస్తున్నా" అని ఎలా పంపబుద్ధి అయిందో నాకు అర్థం కావడం లేదు. బీకన్, గుచ్చి వెతికే ప్రోబ్ కర్ర, పార, ఈ మూడూ సెకండ్ హ్యాండ్‌లో కొనకండి. కొన్నాక వాడటం నేర్చుకోకుండా గండోలా రెండో దశ ఎక్కకండి. గైడు లేకుండా అసలే వద్దు.

అమ్మినాయన సెట్‌తో పాటు "టెక్నిక్ వీడియో" కూడా పంపాడు. అందులో ఉన్నది ఒకే మాట: వెనక్కి వాలండి, ముక్కు పైకి లేస్తుంది. ఇది నమ్మొద్దు. వెనక్కి వాలితే కొద్దిసేపటికే తొడలు మండిపోతాయి, మలుపు తిప్పే అదుపు పోతుంది. సన్న స్కీ లోపాన్ని మన కాళ్లతో కప్పిపుచ్చే పద్ధతి అది. నేను గుల్మార్గ్‌లో నేర్చుకున్నప్పుడు మా శిక్షకుడు మొదట మాన్పించిన అలవాటు ఇదే. చదును బాట మీద మలుపులో బరువంతా బయటి కాలి మీద వేస్తాం. లోతు మంచులో అలా వేస్తే ఆ స్కీ మునుగుతుంది, రెండోది తేలుతుంది, కాళ్లు విడిపోతాయి. అక్కడ రెండు పాదాలూ దగ్గరగా పెట్టి, బరువు రెండిటి మీదా సమానంగా, పాదం మధ్యలో ఉంచాలి. చేతులు ముందుకి. చీలమండలు వంగి ఉండాలి. మలుపు ఒక్కసారిగా తిప్పకూడదు, గుండ్రంగా, మోకాళ్లు వంచుతూ లేపుతూ ఒక లయలో పోవాలి. కొంచెం వేగం ఉండాలి, భయపడి మరీ నెమ్మదిస్తే స్కీ తేలదు.

పడితే లేవడానికి చేతిలోని రెండు స్కీ కర్రలూ అడ్డంగా, గుణకారం గుర్తులా మంచు మీద పరిచి వాటి మీద చెయ్యి ఆనించండి. ఉత్త చెయ్యి పెడితే భుజందాకా దిగుతుంది. స్కీ ఊడి మంచులో మాయమైతే పడ్డ చోట నుంచి పైవైపు వెతకండి. చాలామంది కిందికి వెతికి అలసిపోతారు. లోతు మంచులో బ్రేకులు పెద్దగా ఉపయోగపడవు కాబట్టి బైండింగుకి రంగు రిబ్బన్లు కట్టుకుంటే వెతకడం తేలిక.

ఇంతకీ మొదటిసారి వెళ్లేవాళ్లు కొనాల్సిన అవసరమే లేదని నా అభిప్రాయం. గుల్మార్గ్‌లో వెడల్పాటి స్కీలు అద్దెకి దొరుకుతాయి, మీ బూటు పెట్టి చూసి బైండింగు అక్కడే సరిచేస్తారు. అక్కడ కూడా మధ్య అంకె చూసే తీసుకోండి. పైగా మంచు మన మాట వినదు. 2024 జనవరిలో చాలా రోజులు గుల్మార్గ్ మంచు లేక వెలవెలబోయింది. ముందే వేలు పోసి కొన్నవాళ్ల సామాను అలాగే ఉండిపోయింది. అద్దె అయితే ఆ బాధ లేదు.

మా డబ్బు ఇంకా రాలేదు. "వాడిన సామాను వాపసు లేదు" అని ఆయన నంబర్ బ్లాక్ చేశాడు. వ్యాపారంగా ఆన్‌లైన్ వేదికల మీద అమ్మేవాళ్లు, ప్రకటనలో చెప్పిన లక్షణాలు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని అనడానికి వీల్లేదని 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. నేను 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి ఫిర్యాదు చేశాను. అది తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కి వెళ్తాను. 2019 చట్టం ప్రకారం అమ్మినవాడు ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే జిల్లాలోనే కేసు వేయొచ్చు. 5 లక్షల లోపు సొమ్ముకి ఫీజు లేదు, ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. డబ్బు కట్టాక సామానే రాకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అదే సెట్ కొన్నవాళ్లు మన జిల్లాల్లో ఇంకా ఎవరైనా ఉంటే చాట్, చెల్లింపు రసీదు, పార్సిల్ విప్పేటప్పుడు తీసిన వీడియో, స్టిక్కర్ కింది అంకెల ఫొటో జాగ్రత్త చేసి నాకు మెసేజ్ పెట్టండి. ఒకే రకం నష్టం జరిగిన కొనుగోలుదారులు కమిషన్ అనుమతితో కలిసి ఫిర్యాదు చేసే వీలుంది. మీ దగ్గర ఆధారాలుంటే నా ఫిర్యాదుతో పాటే వేద్దాం.