డయోడ్ మీద ఆశ పెట్టుకోకపోతే మంచి కిట్టే

నల్గొండలో డిగ్రీ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను. ఆన్‌లైన్‌లో దొరికే సూపర్‌కండక్టర్ (బాగా చల్లబరిస్తే కరెంట్‌కు అడ్డమే లేకుండా పోయే పదార్థం) ప్రయోగాల కిట్ ఒకటి డిపార్ట్‌మెంట్‌కు తెప్పించాం. వైబీసీఓ అనే సూపర్‌కండక్టర్‌తో చేసిన నల్ల బిళ్ల, దానికి అతికించిన సన్నటి వైర్లు, చిన్న అయస్కాంతం, థర్మోకోల్ గిన్నె వచ్చాయి. లిక్విడ్ నైట్రోజన్ రాదు, మనమే చూసుకోవాలి. మా దగ్గర అదేం కష్టం కాదు. ఎదకొచ్చిన బర్రెలకు చూలు కోసం వేసే సూదిమందు (వీర్యం) స్ట్రాలు దాచేది అందులోనే కదా. ఊళ్లో ఆ సూదులు వేసే తెలిసిన గోపాలమిత్రను అడిగితే ఎక్కడ నింపిస్తారో చెప్పాడు.

అయస్కాంతం గాల్లో తేలడం అందరికీ నచ్చుతుంది, వీడియోలూ తీసుకుంటారు. నాకు నచ్చింది మాత్రం వైర్ల ప్రయోగం. రెండు వైర్లలో కరెంట్ పంపి, మిగతా రెండింటి మధ్య వోల్టేజ్ చూడాలి. బిళ్ల చల్లబడేకొద్దీ మీటర్ మెల్లగా దిగుతుంది, 92 కెల్విన్ (దాదాపు మైనస్ 181 డిగ్రీల సెల్సియస్) దగ్గర పడగానే ధబేల్‌మని సున్నాకు పోతుంది. దీనికే డబ్బులు గిట్టుబాటు.

కోపం వచ్చింది అట్టపెట్టె మీది రాతకు. చేయగల ప్రయోగాల్లో ‘సూపర్‌కండక్టింగ్ డయోడ్’ అని కూడా వేశారు. డయోడ్ అంటే కరెంట్‌ను ఒకవైపే పోనిచ్చి, రెండోవైపు అడ్డుకునేది. మా పిల్లవాడొకడు బ్యాటరీ సెల్‌ను తిరగేసి పెట్టి చూశాడు. అటూ సున్నా, ఇటూ సున్నా. "అడ్డమే లేనప్పుడు డయోడ్ ఎట్లయితది సార్?" అన్నాడు. కిట్‌తో వచ్చిన పుస్తకంలో దీనికి ఒక్క ముక్క జవాబు లేదు.

జవాబు ఉంది. సూపర్‌కండక్టర్ ఎంత కరెంట్‌నైనా మోయదు. ఒక హద్దు దాటితే వోల్టేజ్ పుడుతుంది. మామూలుగా ఆ హద్దు రెండు దిక్కులా ఒకటే. ఒక దిక్కున ఎక్కువ, ఎదురు దిక్కున తక్కువ ఉందనుకోండి. ఆ రెండింటి మధ్య ఉండే కరెంట్ ఒకవైపు ఏ నష్టం లేకుండా పోతుంది, రెండోవైపు వోల్టేజ్ తప్పదు. అదీ డయోడ్. సిలికాన్ డయోడ్‌కు కట్టే 0.7 వోల్టుల సుంకం ఇక్కడ ఉండదు. ముంబయిలోని పరిశోధన సంస్థ టీఐఎఫ్ఆర్‌లో మందార్ దేశ్‌ముఖ్ బృందం దీన్ని చేసి చూపింది, 2024లో నేచర్ మెటీరియల్స్ పత్రికలో వచ్చింది. బీఎస్‌సీసీఓ అనే మరో సూపర్‌కండక్టర్ స్ఫటికం నుంచి పల్చటి పొరలు ఊడదీసి, ఒకదాని మీద ఒకటి కొంత కోణంలో తిప్పి పేర్చారు. ఆ అతుకుకు నిలువుగా అతి చిన్న అయస్కాంత క్షేత్రం ఇవ్వగానే రెండు హద్దులూ వేరయ్యాయి. 20 కెల్విన్ దగ్గర తేడా 60 శాతం. తగ్గుతూనైనా 77 కెల్విన్ వరకు నిలిచింది, అంటే మన గోపాలమిత్ర డబ్బాలో ఉండే చలి! 45 డిగ్రీలు తిప్పినప్పుడు ఇది అన్నిటికన్నా ఎక్కువగా వచ్చిందనడం నన్ను ఇంకా ఆశ్చర్యపరిచింది.

మన బిళ్లలో అలా ఊడదీసి పేర్చిన పొరలూ లేవు, తిప్పిన అతుకూ లేదు. కిట్ పంపే కరెంట్ బిళ్ల హద్దుకు దగ్గరికి కూడా పోదు. అలాంటప్పుడు ఆ మాట పెట్టె మీద ఎందుకు వేశారో!

ఐదుకు మూడున్నర ఇస్తున్నా. ప్రయోగం కాగానే బిళ్లను హెయిర్ డ్రయ్యర్‌తో ఆరబెట్టి, సిలికా జెల్ సంచితో డబ్బాలో మూత పెట్టండి. తేమ తగిలితే వైబీసీఓ చెడిపోతుంది. నైట్రోజన్ తెచ్చే డబ్బాకు మాత్రం మూత బిగించకండి, పేలుతుంది.