మాగ్నెటోమీటర్ రెక్క చివరా, తోకలోనా?

ఇంట్లో సొంతంగా కట్టుకునే ఆర్‌వీ-7 చిన్న విమానం కట్టుకుంటున్న మనవాళ్లు ఈమధ్య ముగ్గురు ఇదే అడిగారు: "అన్నా, మాగ్నెటోమీటర్ ఎక్కడ పెట్టావ్?" విమానం ముక్కు ఏ దిక్కుకు ఉందో భూమి అయస్కాంత క్షేత్రాన్ని బట్టి చెప్పే సెన్సర్ అది. ముందు రెక్క చివర పెట్టాను. తర్వాత పీకి తోకలోకి మార్చాను.

రెక్క చివర పెట్టడం తెలివితక్కువ పనేం కాదు. ఇంజిను, ప్యానెల్, రేడియోలు అన్నీ దూరంగా ఉంటాయి. రెక్క కొస తొడుగు (టిప్) స్క్రూలు విప్పితే సెన్సర్ చేతికందుతుంది. తోకలో అయితే బ్యాగేజీ వెనక రేకు తీసి, చెక్క పలక మీద బోర్లా పడుకుని పాకాలి. బయటికొచ్చాక రెండు రోజులు నడుం పట్టేస్తుంది.

అయినా నేను తోకే అంటాను. కదలకుండా ఉండే ఇనుముతో పేచీ లేదు, క్యాలిబ్రేషన్‌లో అది లెక్కలోకి వచ్చేస్తుంది. మారుతూ ఉండేదాన్ని మాత్రం ఏ క్యాలిబ్రేషనూ సరిచేయలేదు. రెక్క చివర అలాంటివి రెండున్నాయి. ఒకటి, ఎయిలరాన్ (విమానాన్ని పక్కకు వాల్చడానికి రెక్క వెనక అంచున కదిలే పలక) ముందంచులో బరువు కోసం పెట్టే స్టీల్ పైపు. నేను చేతి దిక్సూచి ఒకటి సెన్సర్ బ్రాకెట్ దగ్గర పట్టుకుని, మా ఆవిడను కాక్‌పిట్‌లో కూర్చోబెట్టి స్టిక్‌ను ఎడమ నుంచి కుడికి పూర్తిగా తిప్పమన్నాను. ముల్లు నాలుగు డిగ్రీలు ఊగింది. "ఇంకా తిప్పాలా?" అంది. అక్కర్లేదన్నాను.

రెండోది లైట్ల కరెంటు. 100 వాట్ల హాలోజన్ ల్యాండింగ్ లైటు సుమారు 7 ఆంపియర్లు లాగుతుంది. దాని ఎర్త్ తీగను అక్కడే రెక్క లోపలి అడ్డపట్టీ అయిన రిబ్‌కి బిగించేస్తే, వెళ్లే కరెంటుకు పక్కనే తిరుగు కరెంటు ఉండదు. అలాంటి ఒంటి తీగకు 30 సెంటీమీటర్ల దూరంలో 4.7 మైక్రోటెస్లాల దాకా పుడుతుంది. హైదరాబాద్‌లో భూమి అయస్కాంత క్షేత్రంలో దిక్కు చూపే అడ్డ భాగం 40 మైక్రోటెస్లాలు ఉంటుంది. అమెరికాలోని విస్కాన్సిన్‌లో 18 చుట్టుపక్కలే. అంటే తీగ పడిన తీరు కలిసిరాకపోతే, ఇక్కడ ఏడు డిగ్రీలు తప్పు చూపేది అక్కడ పద్నాలుగు దాటుతుంది. ఎల్ఈడీ లైట్లు పెట్టి, రెండు తీగలూ మెలేసి లాగితే ఈ బాధ చాలావరకు పోతుంది. పైపు బాధ మాత్రం పోదు.

తోకలోనూ గొడవలున్నాయి. బ్యాగేజీ వెనక బెల్‌క్రాంక్ (కంట్రోల్ కడ్డీల మలుపు) దగ్గర పిచ్ సర్వో, అంటే ముక్కును పైకీ కిందకీ తిప్పే ఆటోపైలట్ మోటారు, ఉంటుంది, దానికి వీలైనంత వెనక్కి జరగండి. రడ్డర్ కేబుళ్లకూ ఎడం ఉంచండి. స్క్రూలు ఇత్తడివే వాడండి, అయస్కాంతం మొనున్న స్క్రూడ్రైవర్ అటు తీసుకెళ్లొద్దు.

మట్టం పెట్టడం తోకలోనే సులువు. కాక్‌పిట్ గాజు కప్పు కూర్చునే అంచు (క్యానోపీ రెయిల్) మీద డిజిటల్ లెవెల్‌ను సున్నా చేసి, అదే లెవెల్‌తో సెన్సర్ బిగించే పలకను సరిచూసుకున్నాను. రెక్క చివరికి పోయేకొద్దీ పైకి లేచి ఉంటుంది కాబట్టి అక్కడ సెన్సర్ కింద చీలిక ముక్క పెట్టాలి. పైగా ఫైబర్‌గ్లాస్ టిప్‌కి బిగిస్తే ఊగుతుంది, రిబ్‌కే బిగించాలి.

విమానం వాలు, దిక్కు లెక్కగట్టే ఏహెచ్ఆర్ఎస్ పెట్టె కూడా తిన్నగా ముక్కువైపే చూడాలి. అది 3 డిగ్రీలు పక్కకు తిరిగి ఉంటే, ముక్కు 15 డిగ్రీలు పైకెత్తినప్పుడు లేని బ్యాంక్ (పక్కవాలు) దాదాపు 0.8 డిగ్రీలు చూపిస్తుంది.

ప్యానెల్ వెనక పెడతానంటే వద్దు. మాగ్నెటోమీటరే లేకుండా జీపీఎస్ ట్రాక్‌తో (విమానం నేల మీద సాగే దారి దిక్కుతో) నెట్టుకొస్తానంటే మీ ఇష్టం, పక్కగాలిలో ముక్కు ఎటుందో అది చెప్పదు.

ఇదే కంపెనీ ఆర్‌వీ-10 కట్టుకునే వాళ్లకు మాత్రం నా మాట వర్తించదు. దాని బ్యాటరీయే వెనక ఉంటుంది, స్టార్టర్‌కి వెళ్లే లావు కేబుల్ తోక నుంచే బయల్దేరుతుంది. మీరు రెక్కలోనే పెట్టుకోండి, పైపుకి వీలైనంత దూరంగా.