అడ్వెంట్ రీత్ సెట్: భోజనాల బల్ల మీదికి పనికొస్తుందా?

అడ్వెంట్ అంటే క్రిస్మస్‌కి ముందు నాలుగు ఆదివారాల కాలం; రీత్ అంటే అప్పుడు వెలిగించే కొవ్వొత్తుల చక్రం. ఈ సెట్‌లో ఇనుప చక్రం, ప్లాస్టిక్ ఆకుల దండ, మూడు ఊదా కొవ్వొత్తులు, ఒక గులాబీది, నడుమ తెల్లది. వారానికొకటి పెంచుతూ వెలిగించాలి. గులాబీది మూడో ఆదివారం, తెల్లది క్రిస్మస్‌కి.

చిక్కంతా మొదటి కొవ్వొత్తితోనే. రాత్రి భోజనం దగ్గర 15 నిమిషాలే వెలిగించినా 28 రోజులకు 7 గంటలు కాలాలి. ఇందులోవి సన్నవి, సరిపోవు. ఊదాది ఒకటి అదనంగా కొనండి. సీలింగ్ ఫ్యాన్ ఆపకపోతే మంట ఒరిగి మైనం ఒకవైపే కారుతుంది. కొవ్వొత్తి పెట్టే కన్నం వదులైతే కొవ్వొత్తి అడుగున ఫాయిల్ చుట్టండి. ప్లాస్టిక్ ఆకులు మాత్రం తీసేయండి, అంటుకుంటాయి. పచ్చి క్రోటన్ ఆకులు నయం, వాడిపోయేలోపు మార్చాలి.

సెట్‌తో వచ్చే బైబిల్ వాక్య కార్డుల్లో పేరాలు మరీ పొడుగు, అన్నం చల్లారిపోతుంది. మొదటి వారం యెషయా 9:2, చివరి వారం మత్తయి 1:23 చాలు. తర్వాత ఆ రోజు దేవుని తోడు ఎక్కడ కనబడిందో ఒక్కొక్కరూ ఒక్క మాట చెప్పాలి: జ్వరం తగ్గింది, ట్యాంకర్ వచ్చింది, పక్కింటావిడ కూర ఇచ్చింది. పెద్దలు ప్రసంగం మొదలెడితే పిల్లలు లేచిపోతారు.

ఆర్పేటప్పుడు ఊదకండి, మైనం చిమ్ముతుంది. చిన్న స్టీలు గరిటె బోర్లించండి.